వాకిలి తల్లి కింద రాసిన మాట

శనివారం పొద్దున కూడా జయమ్మ టిఫిను చేసి బల్ల మీద పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయింది. తలుపు వేసుకోలేదు. వేసుకుంటేనే నయమనిపించింది దేవిశ్రీకి. వేసిన తలుపునైతే తట్టి పిలవొచ్చు. తీసి ఉన్న తలుపు ముందు ఏం చెయ్యాలో తెలియదు.

బొరుగుల ఉగ్గాణి, పక్కన మిరపకాయ బజ్జీలు. పోయిన ఆదివారం నుంచి ఈ ఇంట్లో ఎవరికీ ఏ లోటూ జరగలేదు. పప్పులో ఉప్పు తగ్గలేదు. ఇస్త్రీ బట్టలు వేళకు వచ్చాయి. బాల్కనీ కుండీల్లో మొక్కలకు నీళ్లందాయి. జయమ్మ మాట్లాడటమొక్కటే మానేసింది. అడిగినదానికి "ఊ" అంటుంది, లేదా "వద్దు" అంటుంది. అంతే.

"అమ్మ ఓబులేసు మామకు ఫోన్ చేసింది," అన్నాడు దినేష్ గొంతు తగ్గించి. "రేపు కారేసుకుని వస్తాడంట. ప్రొద్దుటూరు పోతుందంట."

"ఎన్నాళ్లకి?"

"అది చెప్పలేదు. చీరలన్నీ సర్దుతోంది."

దేవిశ్రీ చేతిలోని చెంచా కింద పెట్టింది. "నువ్వు చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"ఆ రెండో వాక్యం రాసింది నువ్వని."

దినేష్ బజ్జీ తుంచాడు. తుంచిన ముక్కను పళ్లెంలోనే వదిలేశాడు. "ఎవరు రాస్తే ఏముంది దేవీ? కార్డే తీసేద్దాం. కార్డు లేకపోతే గొడవే లేదు."

"నీకు ఉండదు. నేను మాత్రం అత్తగారి ముఖానికి అంత మాట తగిలించిన కోడలిగా మిగిలిపోతాను."

అతను పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు. దినేష్‌కు కోపం రాదు. పెళ్లికి ముందు అతనిలో ఆమెకు నచ్చిందీ అదే. కోపం రాని మనిషి కూడా ఎదుటివాళ్లను ఒంటరిగా వదిలేయగలడని ఈ వారంలోనే అర్థమవుతూ వచ్చింది.

*

జరిగింది చెప్పుకుంటే చిన్నదే.

దినేష్‌ది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. దేవిశ్రీ గచ్చిబౌలిలో యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తుంది. సాయంత్రం నల్లగండ్లలో ఫ్లాట్‌కు చేరాక మాత్రం ఇద్దరికీ ఒకటే పని, 'ఏడు బురుజులు'. అది వాళ్లు సొంతంగా తయారు చేసుకుంటున్న కార్డుల ఆట. మంత్రగాళ్లు, కోటలు, రెక్కల గుర్రాలు, అన్నిటికీ తెలుగు పేర్లు, తెలుగు రాత. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తలో కట్టా పట్టుకుని ఆడాలి. వంతు వంతుకీ ఒక దివ్వె పెరుగుతుంది. చేతిలో ఎన్ని దివ్వెలుంటే అంత పెద్ద కార్డు దింపొచ్చు. బొమ్మలు దేవిశ్రీవి, అంకెలు దినేష్‌వి. ఏ కార్డుకు ఎన్ని దివ్వెలు, ఎంత దెబ్బ, ఎంత ఓర్పు అన్నది అతను తేల్చాలి. ఒక్క కార్డు మరీ బలమైపోయినా ఆట చెడుతుంది. ఆ తూకం చూడటమే అతని పని.

వాకిలి తల్లి అనే కార్డు దేవిశ్రీకి వచ్చిన ఆలోచన. "ఈమె ఉన్నంతసేపు మీ వాళ్ల మీద పడే దెబ్బలన్నీ ఈమే కాస్తుంది" అని ఒక్క వాక్యం రాసి, బొమ్మకు అత్తగారి ముఖం పెట్టింది. వెడల్పు నుదురు, రెండు వైపులా ముక్కుపుడకలు, గడప మీద ఆనించిన చెయ్యి. భర్త పోయాక ప్రొద్దుటూరులో చీరల కొట్టు నడుపుతూ, పసివాడు దినేష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పెంచిన మనిషి ఆవిడ. దినేష్ నోట ఆ సంగతులు విని విని గీసిన బొమ్మ అది.

తీరా ఆడి చూస్తే, ఆ కార్డు చేతికొచ్చినవాళ్లకు ఓటమే లేదు. దినేష్ దివ్వెలు పెంచి చూశాడు. ఆమె దిగేసరికి ఆట అయిపోయేది. ఓర్పు తగ్గించి చూశాడు. వచ్చీ రాగానే పడిపోయేది. చివరికి కింద ఇంకో వాక్యం చేర్చాడు. "ఈమె ఉన్నంతసేపు మీ వాళ్లెవరూ గడప దాటలేరు." దెబ్బలు తగలవు, ఎదుటివాళ్లను దెబ్బ తియ్యనూ లేరు. దాంతో తూకం కుదిరింది.

పోయిన ఆదివారం అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో స్నేహితులను పిలిచి ఆడిస్తుంటే, జయమ్మ బొరుగుల మిక్చరు డబ్బా పట్టుకుని వెళ్లింది. ఆడుతున్నవాళ్లలో ఎవరో విసిగిపోయి అరిచారు. "ఈ ముసలామె ఉంటే ఆట ముందుకు పోదురా బాబూ, ముందు ఈమెను లేపెయ్!" అందరూ నవ్వారు. జయమ్మ కూడా నవ్వబోతూ బల్ల మీదికి వంగింది. తన ముఖమే. దాని కింద ఆ మాట.

డబ్బా అక్కడ పెట్టి వచ్చేసింది. బొమ్మలు వేసేది కోడలు. అందుకని రాసిందెవరని ఆవిడ అడగనే లేదు.

*

దేవిశ్రీ వెళ్లి అత్తగారి గది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యగారూ, కాస్త మాట్లాడొచ్చాండీ?"

జయమ్మ మంచం మీద చీర మడత పెడుతోంది. కొట్టులో ఏళ్ల తరబడి చేసిన చేతులు. అంచుకు అంచు అతికినట్టు కలుస్తుంది. "కూర్చో," అంది.

దేవిశ్రీ మంచం చివర కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"బొమ్మ బాగుండాదిలే," జయమ్మే అంది. "ముక్కుపుడకలు గూడా మర్సిపోకుండా వేసినావు."

"మీ మీద గౌరవంతోనే గీశానండీ."

"గీసింది గౌరవంతో. మరి రాసింది దేంతో?"

దేవిశ్రీ నోరు తెరిచింది. నేను రాయలేదని చెప్పడం ఎంతసేపు? కానీ ఆ వెనకే "మరెవరు?" అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు కొడుకు పేరు కోడలి నోట రావాలి. వారమంతా అక్కడికొచ్చి ఆగిపోతోంది తను.

"నేను నీకు యాడ అడ్డం పడినానో చెప్పు," అంది జయమ్మ. గొంతు పెరగలేదు. "ఉద్యోగానికా? నువ్వు కట్టుకునే బట్టకా? మీ అమ్మోళ్లింటికి కాకినాడ పోయేదానికా?"

"ఎక్కడా లేదండీ."

"మరేంటికమ్మా ఆ మాట?"

దేవిశ్రీ తల దించుకుంది. జయమ్మ ఆ దించిన తలనే కాసేపు చూసి, ఇంకో చీర చేతిలోకి తీసుకుంది. కోడలు తప్పు ఒప్పుకున్నట్టే తోచింది ఆవిడకు. ఒప్పుకున్నాక కూడా మనసు తేలికపడకపోవడమే ఆవిడకు వింతగా ఉంది.

కాలింగ్ బెల్ మోగింది.

"ఎవురో వచ్చినట్టుండారు. పో," అంది.

*

వచ్చింది వంశీ. దినేష్ ఆఫీసులోనే పని చేస్తాడు, ఉండేది బోరబండ. ఆట మొదలైన నాటి నుంచి ప్రతి కార్డునూ ఆడి చూసి తిట్టిందీ మెచ్చుకుందీ అతనే. బాలానగర్‌లో కార్డులు అచ్చు వేసే ప్రెస్సును కుదిర్చింది కూడా అతనే.

"ప్రెస్సాయన పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు అన్నా. ఇయ్యాల సాయంత్రానికి ఫైల్ పంపకుంటే పెండ్లి కార్డుల సీజన్ల పడి మనల్ని మరిచిపోతడట," అంటూ డైనింగు బల్ల మీద నమూనా కార్డులు పరిచాడు. పరిచినవాడు ఇద్దరి ముఖాలూ చూశాడు. "ఏంది, ఇల్లు గింత సప్పుడు లేకుండున్నది?"

"ఏం లేదు," అన్నాడు దినేష్. "ఒక్క మార్పు. వాకిలి తల్లిని తీసేస్తున్నాం."

"తీసేస్తవా! పరేషాన్ చెయ్యకన్నా. గంత మంచి బొమ్మ కట్ట మొత్తంల ఇంకోటి లేదు."

"తీసెయ్యొద్దు," అంది దేవిశ్రీ. "కింది వాక్యం తీసేసి, మొదటిది ఉంచుదాం."

"గట్లయితే ఆట ఖరాబైతది వదినా. ఆమె దిగిందంటే ఎదుటోడు ఇగ సామాన్ సర్దుకోవుడే. ఏదో ఒకటి తక్కువ చెయ్యాలె గద."

"ఏది తక్కువ చెయ్యాలన్నది వేరే విషయం. ఆ మాట వద్దు."

"నేను అన్నీ చూశాను దేవీ," అన్నాడు దినేష్. "ఇంకేదీ కుదరలేదు."

"అన్నీ చూడలేదు నువ్వు. కుదిరిన దగ్గర ఆగిపోయావు."

ఎప్పుడు వచ్చిందో, వంటింటి గుమ్మం దగ్గర జయమ్మ టీ కప్పుల పళ్లెంతో నిలబడి ఉంది. వచ్చి కప్పులు దించింది. వెళ్లిపోతుందనుకున్నారు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకూ నేర్పించండి," అంది. "యాపొద్దూ నేను ఆడనే లేదు గదా."

దినేష్ తల్లి వైపు చూసి, కార్డులు దగ్గరికి తీశాడు. "ఇప్పుడెందుకమ్మా?"

"రేపు పోతాండా గదా. పోయే లోపల ఒగ ఆట."

వంశీకి ఏమీ తెలియదు. సంబరంగా కట్టలు కలిపాడు. "రండమ్మా, నేను చెప్త. ఫికర్ చెయ్యకున్రి." జయమ్మ పక్కన చేరి కూర్చుని ఒక్కో కార్డూ చూపించాడు. ఇది దివ్వె, ఇది దెబ్బ, ఇది ఓర్పు. జయమ్మ కళ్లజోడు సర్దుకుని ఒక్కో రాతనూ పైకి చదివింది. ఎదురుగా దినేష్.

ఆవిడ బాగా ఆడలేదు. రెక్కల గుర్రాన్ని అనవసరంగా పోగొట్టుకుంది. ఉప్పు మంత్రగాణ్ణి దింపాల్సిన చోట దాచుకుంది. దినేష్ తగ్గి ఆడుతున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా ఓ చోట నవ్వింది కూడా. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విని దేవిశ్రీ తలెత్తి చూసింది.

అప్పుడు వాకిలి తల్లి జయమ్మ చేతికొచ్చింది.

ఆవిడ ఆ కార్డును కాస్త దూరంగా పట్టుకుని చూసింది. తర్వాత బల్ల మధ్యలో పెట్టింది. అక్కడి నుంచి ఆమె మనుషుల మీద దెబ్బ పడలేదు. ఆమె మనుషులు కదలనూ లేదు. వంతు వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, పోయింది.

"ఇప్పుడేం చెయ్యాల?" అడిగింది.

"ఏం చెయ్యలేవమ్మా," అన్నాడు దినేష్. "ఆమె పోయేదాకా ఆగల్ల."

అలా అనేశాక ఆ మాట తనకే వినిపించి, చూపు తిప్పుకున్నాడు.

జయమ్మ వంశీ వైపు తిరిగింది. "ఈయమ్మ మొదట్నించీ ఇట్లే ఉండెనా నాయనా?"

"లేదమ్మా. ముందుగాల ఒక్కటే లైనుండె. వదిన రాసింది. మస్తు పవర్ ఉండె ఆమెకు. రెండోది మొన్న మొన్న..." వంశీకి అప్పుడు గాని గదిలోని నిశ్శబ్దం తగల్లేదు. మాట మింగేశాడు.

"రెండోది ఎవురు రాసినారు?"

జయమ్మ కోడలి వైపు చూసింది. దేవిశ్రీ టీ కప్పు వైపు చూస్తోంది. గదిలో దించిన తలే, అదే తీరుగా. ఈసారి జయమ్మకు అది వేరేగా అర్థమైంది.

"నేనే రాసినామ్మా," అన్నాడు దినేష్.

జయమ్మ ముందుగా దేవిశ్రీ చేతి మీద చెయ్యి వేసింది. "వారం దినాలు నిన్ను సతాయించినానే. ఒక్క మాట చెప్పకూడదా?"

"చాడీ చెప్పినట్టుంటుందని, అత్తయ్యగారూ."

"నువ్వు చెప్పవు సరే." ఆవిడ చూపు బల్ల అవతలికి మళ్లింది. "నువ్వెందుకు చెప్పలేదురా? రోజూ నా చేతి కూడు తింటానే ఉండావు గదా."

"చెప్పాలనే అనుకున్నా. నువ్వు మాట్లాడక..." దినేష్ ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. "నిన్ను అనాలని రాయలేదమ్మా. తూకం కోసం. అంత బలం ఇచ్చినప్పుడు ఏదో ఒకటి పట్టుకోవల్ల. ఆట లెక్క అది."

"లెక్కంటే నాకు తెలీదా? కొట్టు నడిపినదాన్ని. పట్టుకో, వద్దన్లేదు. కాలు కుంటిదని రాయొచ్చు. కండ్లు సరిగా కనపడవని రాయొచ్చు, నిజం గూడా అదే. ఇన్నుండగా నీకు ఆ మాటే ఎట్ల తోచింది?"

దినేష్ జవాబు వెతుక్కుంటున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కింద పార్కింగులో ఎవరో కారు వెనక్కి తీస్తున్న చప్పుడు, ఆ చప్పుడు ఆగాక పక్క ఫ్లాటులో మిక్సీ.

వంశీ ఇక ఉండలేకపోయాడు. తన వల్లే ఇదంతా అయిందని అతని బాధ. "జర ఊకోన్రమ్మా. అన్నకు మీరంటే పాణం. పుణె వాళ్లు ఎన్ని తీర్ల అడిగిన్రు! అయినా ఒక్కటే మాట. మా అమ్మ ఒప్పుకోదు, అమ్మను ఇడిసి రాలేను అన్నడు. గసుంటి కొడుకు ఉంటడా?"

"ఏ పుణె?"

అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి అడిగారు.

వంశీ దినేష్ వైపు చూశాడు. దినేష్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "ఉగాదికి ముందు మాదాపూర్‌లో ఆటల ప్రదర్శన జరిగింది కదా. నువ్వు మీ పెదనాన్నగారి అమ్మాయి పెళ్లికి కాకినాడ వెళ్లావు," అన్నాడు దేవిశ్రీతో. "అక్కడ కళ్యాణి అని ఒకావిడ మన కార్డులు చూసింది. తెలుగావిడే. పుణెలో వాళ్లకు ఆటలు తయారు చేసే కంపెనీ ఉంది. వచ్చి పని చేస్తారా అని అడిగింది. కుదరదన్నాను. అంతే, అయిపోయిన సంగతి."

"అమ్మ ఒప్పుకోదని చెప్పి," అంది జయమ్మ.

"ఊ."

"నన్నెప్పుడు అడిగినావురా?"

దినేష్ బల్ల మీది కార్డునొకదాన్ని సరిచేశాడు.

"నిన్నే. అడిగినావా? నేను వద్దన్నానా?"

"అడిగితే పొమ్మనేదానివి," అన్నాడు దినేష్. ఆ మాట చాలా మెల్లగా వచ్చింది. "నువ్వు పొమ్మన్నాక ఇంక నాకు సాకు ఉండదు. ఇక్కడ ఉద్యోగముంది. అది వదిలి, ఆ పని నిజంగా నాకు చేతనవుతుందో లేదో..."

మిగతాది చెప్పాల్సిన పని లేకపోయింది. తల్లి అతన్ని చూసిన చూపులో కోపం పోయి, ఇంకేదో వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి చూసేటప్పుడు అలా చూసేది.

"భయమైతే భయమని చెప్పురా," అంది. "భయం తప్పు గాదు. దానికి నా పేరు పెట్టొద్దు."

వంశీ ఫోన్ మోగింది. ప్రెస్సు. అతను ఎవరి ముఖమూ చూడకుండా, "ఒక్క కార్డు ఆపున్రి, మిగతయి పంపిస్తున్నం," అని చెప్పి పెట్టేశాడు. ఏదో ఒక మంచి మాట చెప్పి బయటపడదామనుకున్నాడేమో, లేస్తూ అన్నాడు: "అన్న సంగతి ఇడిసిపెట్టున్రి. వదినకైనా చెప్పేదుండె. కళ్యాణి మేడం ముందు అడిగిందే బొమ్మల గురించి."

దేవిశ్రీ తలెత్తింది. "ఏమని?"

వంశీ నిలబడ్డచోటే ఆగిపోయాడు.

"చెప్పు వంశీ. బొమ్మల గురించి ఏమని అడిగింది?"

"గీసినామె కావాలె అన్నది," అన్నాడు వంశీ చివరికి. "ముందు గదే అడిగింది. రూల్స్ రాసినోళ్లు కూడా వస్తే మంచిదన్నది."

దేవిశ్రీ భర్త వైపు తిరిగింది. ఏడుస్తుందేమోననుకుంది జయమ్మ. ఏడవలేదు. ఏదో తెలియని భాషలో రాసింది చదవాల్సి వచ్చినట్టు అతన్ని చూసింది.

"నా తరఫున కూడా కుదరదన్నావా?"

"నువ్వొక్కదానివే వెళ్తావా ఏంటి? ఇద్దరం కదా. ఇద్దరికీ కలిపి..."

"నాకు చెప్పి ఉంటే నేను వద్దనేదాన్నేమో. నిజంగా వద్దనేదాన్నేమో, దినేష్. ఆ మాట నేను అనాలి కదా."

"దేవీ..."

"ఆవిడ నంబరివ్వు."

"ఇప్పుడా? శనివారం."

"శనివారం కూడా ఎత్తుతది," అని గొణిగాడు వంశీ. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

దినేష్ తల్లి వైపు చూశాడు. ఇల్లంతటికీ నచ్చజెప్పే పని అతని చిన్నప్పటి నుంచీ ఆవిడదే. జయమ్మ పరిచి ఉన్న కార్డులను కట్టగా పేరుస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఇయ్యిరా."

అతను ఫోన్ తీసి నంబరు చెప్పాడు. దేవిశ్రీ బాల్కనీలోకి వెళ్లి అద్దం తలుపు జరిపేసుకుంది.

లోపల ముగ్గురూ బల్ల చుట్టూ మిగిలారు. దేవిశ్రీ వీపే కనిపిస్తోంది. ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడింది. కాసేపటికి పిట్టగోడ మీదికి వంగింది. ఒకసారి చెయ్యి గాల్లో తిప్పుతూ ఏదో వివరించింది. బొమ్మ గీసేటప్పుడు అలాగే తిప్పుతుంది. ఆ తర్వాత నవ్వింది. అద్దం వెనక నుంచి నవ్వు వినిపించలేదు, భుజాలు కదిలాయంతే.

దినేష్ టీ తాగబోయి, చల్లారిందని కప్పు పక్కన పెట్టాడు. వంశీ వెళ్లిపోవాలా ఉండాలా తెలియక ఒకే కార్డును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

చాలాసేపటికి తలుపు జరిగింది. ఎండలో నిలబడి వచ్చిందేమో, దేవిశ్రీ ముఖం ఎర్రగా ఉంది.

"సోమవారం పుణె రమ్మన్నారు," అంది.

దినేష్ లేచి నిలబడ్డాడు. "ఇద్దర్నీనా?"

"ఇద్దరి సంగతీ నేను అడగలేదు," అంది దేవిశ్రీ. "నా గురించే అడిగాను."